వేగం మారింది, భుజం మారలేదు

అమలాపురానికి చెందిన బాడ్మింటన్ డబుల్స్ క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో కొట్టిన స్మాష్, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతకు ముందరి రికార్డు 2013లో మలేషియాకు చెందిన టాన్ బూన్ హియాంగ్ సాధించిన 493. ఈ రెండూ మ్యాచిలో కాక, ప్రత్యేక పరీక్షలో కొలిచినవి.

అయితే ఆల్ ఇంగ్లండ్ సింగిల్స్‌ను 1980లో గెలిచిన ప్రకాశ్ పదుకోణె, 2001లో గెలిచిన మన పుల్లెల గోపీచంద్ నేటివారికి తీసిపోతారా? వేగాన్ని బట్టి అలా తేల్చలేము. తొలితరాల చెక్క రాకెట్లు నూరు గ్రాములు దాటేవి. నేటి కార్బన్ రాకెట్లు తొంభైకి లోపే. 2006కు ముందు సర్వీసు చేసినవారికే పాయింటు, ఓర్పే పెట్టుబడి. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటే.

మారనిది భుజకీలు. లోతులేని గుంటలో ఆనిన గుండ్రని ఎముకను ప్రధానంగా నాలుగు చిన్న కండరాలే పట్టి ఉంచుతాయి. చేతిని తలపైకెత్తి వేలసార్లు విసిరితే వాటి స్నాయువులు దెబ్బతింటాయి.

కనుక తల్లిదండ్రులారా, పిల్లల స్మాష్ వేగాన్ని కొలిచే ముందు వారి భుజానికీ వీపుకూ తగిన వ్యాయామం, విశ్రాంతి సమకూర్చండి. మరునాటికీ నొప్పి తగ్గకుంటే ఆట ఆపి వైద్యునికి చూపించండి.