బుడమేటి ఒడ్డున బెజవాడ

బెజవాడ చరిత్ర రాసేవారు సాధారణంగా ఇంద్రకీలాద్రి దగ్గర మొదలుపెడతారు, ఆనకట్ట మీదుగా నడుస్తారు, రైల్వే జంక్షను దగ్గర ఆగుతారు. రైలుపట్టాల మీది వంతెన ఎక్కి అవతల అజిత్ సింగ్ నగర్‌లో దిగేవారు అరుదు. కాని ఈ నగరాన్ని రోజూ నడిపే జనంలో పెద్ద భాగం తెల్లవారుజామున ఆ వంతెన మీదనుంచే ఊళ్ళోకి వస్తుంది: ఆటో తోలేవారు, తాపీ పనివారు, ఆటోనగర్ షెడ్లలో నూనె చేతుల కుర్రవాళ్ళు, వన్‌టౌన్ కొట్లలో మూటలెత్తే హమాలీలు, ఇళ్ళలో అంట్లు తోమే ఆడవాళ్ళు. వీరంతా అక్కడే ఎందుకున్నారు, మరోచోట ఎందుకు లేరు అన్నదే నా ప్రశ్న. దానికి జవాబు నేల ఎత్తుపల్లాలలోనూ, ఆ నేలకు కట్టిన ధరలోనూ ఉంది.

1832-33 కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ తరువాతే కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న మాట బలపడింది. కాటన్ ప్రోత్సాహంతో కెప్టెన్ ఓర్ చేతిమీదుగా 1852లో పని మొదలై 1855కు పూర్తయింది. కాలవ పారిన చోటల్లా మెట్ట మాగాణి అయింది, మాగాణి బంగారమయింది. ఈ మాట మన పాఠ్యపుస్తకాలలో ఉంది. దీనికి రెండో సగం మాత్రం లేదు. మాగాణి ధర పెరిగిన కొద్దీ కూలివానికి ఇల్లు కట్టుకోవటానికి మిగిలింది వరి పండని నేల మాత్రమే. బెజవాడలో అటువంటి నేల నాలుగు రకాలు: కొండ వాలు, కాలవ గట్టు, కృష్ణలో లంక, బుడమేటి పల్లం. 1893లో కృష్ణమీద రైలు వంతెన వచ్చి ఊరు జంక్షనయింది. 1951 నాటికి జనాభా సుమారు లక్షా అరవైవేలు, 2011కు పదిలక్షల పైచిలుకు. వచ్చినవారందరినీ ఈ నాలుగు చోట్లే సర్దుకోమన్నారు.

కొండల సంగతి పాఠకులు ఎరిగినదే. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద మెట్టుమీద మెట్టుగా ఇళ్ళు లేచాయి. మంచినీళ్ళ బిందె మోయటం, వానకు బండరాళ్ళు జారటం ఆ జీవితంలో భాగాలు. పట్టాల కోసం వామపక్షాలు పోరాడాయి. 1981లో నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు తొలి మేయరు టి. వెంకటేశ్వరరావు కమ్యూనిస్టే. అయితే ఒక మాట మనలో మనం అనుకోవాలి. పట్టా కోసం జరిగినంత పోరాటం వరద కోసం జరగలేదు. పట్టా నేలమీద హక్కు ఇస్తుందిగాని దాని పల్లం పూడ్చదు.

సింగ్ నగర్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు పేర్లు చూడాలి. పైపుల రోడ్డు, డాబాకొట్ల సెంటరు, లూనా సెంటరు: ఇవి జనం తమ గుర్తుకోసం పెట్టుకున్న పేర్లు. ప్రకాష్ నగర్, రాజీవ్ నగర్, శాంతి నగర్: ఇవి కాగితం మీద పుట్టిన పేర్లు. ఒక సందులో ఉర్దూ, పక్క సందులో శ్రీకాకుళం యాస వినపడతాయి. మసీదు, చర్చి, రామాలయం ఒకే మైకు హోరులో కలిసిపోతాయి. ఈ వైవిధ్యాన్ని చూసి మురిసిపోయేవారున్నారు. నాకది ప్రధానంగా పనుల చరిత్రగా కనిపిస్తుంది. 1960ల నడుమ ఆటోనగర్ వెలిసింది, 1979లో ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడిచింది, 2014 తరువాత రాజధాని మాటతో అపార్టుమెంట్ల నిర్మాణం ఊపందుకుంది. ప్రతి పనీ తన కూలీలను తెచ్చుకుంది, తక్కువ అద్దె వారిని పట్టాల అవతలికి పంపింది. నగరం తన మురుగును శుద్ధిచేసే కేంద్రాన్నీ, చెత్త గుట్టనూ కూడ ఈ వైపే పెట్టుకుంది.

ఇక బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు ఇది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, దాని వరదలో కొంత భాగాన్ని మళ్ళింపు కాలవ ద్వారా ఆనకట్టకు ఎగువన కృష్ణలోకి తిప్పారు. ఏర్పాటు బాగానే ఉంది, కృష్ణ తగ్గి ఉన్నంతవరకు. 2005లో బుడమేరు ఒకసారి ఈ కాలనీలను ముంచి హెచ్చరించింది. 2024 ఆగస్టు చివర కొండల్లో కుండపోత కురిసింది. అదే సమయంలో కృష్ణ కూడ పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. అంతటి నీరు అక్కడ మునుపెన్నడూ నమోదు కాలేదు. నిండిన నది వాగు నీటిని పుచ్చుకోదు. మళ్ళింపు కాలవకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారేసరికి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్ళలో ఉన్నాయి. అదే వరదలో కృష్ణలంక కట్టుగోడ నిలిచి, ఆ గోడ వెనక ఉన్న పేదలు బతికి బయటపడ్డారు. గోడ కట్టిన చోట నీరు ఆగింది. ఇది ఇంజనీర్లకు తెలియని రహస్యమేమీ కాదు.

నీరు తీయకముందే మరో మాట పుట్టింది: ‘ఆక్రమణదారులు’. వాగును కబళించారు కాబట్టి వాగు కబళించిందన్నారు. కొంతమేరకు నిజమే. వాగు గర్భంలో ఇళ్ళున్నాయి, వాగు సన్నబడింది. కాని ఆ స్థలాలు ప్లాట్లుగా కోసి అమ్మినవాడెవడు, రిజిస్టరు చేసిన కచేరీ ఏది, ఇంటిపన్ను వసూలు చేసి రసీదు ఇచ్చినది ఎవరు అని అడిగినవారు తక్కువ. వాంబే అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన, 2001లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం. ఆ పేరు గల కాలనీలో ఇళ్ళు కట్టి పేదలకు తాళాలు ఇచ్చినది సర్కారే. అక్కడి మనిషిని ఏ నోటితో ఆక్రమణదారు అంటాం?

మూడో గండిని సైన్యం సాయంతో పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. కాలనీలలో నీరు పూర్తిగా పోవటానికి ఇంకా రోజులు పట్టింది. నష్టపరిహారం కింద నీట మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000, మొదటి అంతస్తుకు 10,000 రూపాయలు ప్రకటించారు. మునిగిన ఆటోకు 10,000. తరువాత నేను ఆ సందుల్లో తిరిగినప్పుడు గోడలమీద బురద గీత నా భుజం దాకా ఉంది. కుట్టుమిషన్లు, పరుపులు, పిల్లల పుస్తకాలు వీధిలో ఎండుతున్నాయి. మేడమీది గదికి అద్దె ఎక్కువ కాబట్టి కింద ఉంటున్నామని చెప్పినవారే నాకు ఎక్కువమంది తగిలారు. మళ్ళీ ఆ కింది గదులకే సున్నం వేసుకుంటున్నారు.