స్వేచ్ఛా ప్రాతిపదిక, అయాను

రసాయన శాస్త్రంలో జత లేని ఎలక్ట్రాను కనీసం ఒకటి గల పరమాణువును లేదా అణువును స్వేచ్ఛా ప్రాతిపదిక అంటారు. దీనినే ఫ్రీ రాడికల్ అని కూడా వ్యవహరిస్తారు. విద్యుదావేశం గల పరమాణువును లేదా పరమాణు సమూహాన్ని అయాను అంటారు. ఈ రెండూ ఒకటి కావు.

పేర్ల పుట్టుక

లాటిన్ భాషలో రాడిక్స్ అంటే వేరు, మూలం. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆమ్లాలకు మూలమైన భాగాన్ని రాడికల్ అన్నారు. తరువాత, చర్యలలో చెక్కుచెదరకుండా ఒక సమ్మేళనం నుండి మరొకదానికి మారే పరమాణు సమూహాలకు ఈ పేరు స్థిరపడింది. అటువంటి సమూహం విడిగా ఉంటే అది 'స్వేచ్ఛా' ప్రాతిపదిక. 1900లో మోసెస్ గోంబర్గ్ ట్రైఫినైల్ మిథైల్‌ను గుర్తించి, ఇవి విడిగా ఉండగలవని చూపాడు. తెలుగు వ్యాకరణంలో విభక్తి చేరక ముందున్న నామ రూపాన్ని కూడా ప్రాతిపదిక అనే అంటారు.

అయాను అనే గ్రీకు మాటకు 'పోవునది' అని అర్థం. మైకేల్ ఫారడే 1834లో దీనిని వాడుకలోకి తెచ్చాడు.

లవణ విశ్లేషణలో వినవచ్చే ఆమ్ల రాడికల్, క్షార రాడికల్ అనేవి పాత పేర్లు. నిజానికి అవి అయానులు.

భేదం

క్లోరిన్ అణువుపై అతినీలలోహిత కాంతి పడినపుడు బంధంలోని రెండు ఎలక్ట్రానులు చెరొక పరమాణువుకు చేరతాయి. ఇది సమ విచ్ఛిత్తి. ఇలా ఏర్పడిన క్లోరిన్ పరమాణువులో 17 ఎలక్ట్రానులు, 17 ప్రోటానులు ఉంటాయి. దానికి ఆవేశం లేదు, కాని ఒక ఎలక్ట్రానుకు జత లేదు. కనుక అది స్వేచ్ఛా ప్రాతిపదిక. ఉప్పునీటిలోని క్లోరైడు అయానులో 18 ఎలక్ట్రానులు ఉంటాయి. అన్నీ జతగా ఉన్నాయి, కాని ఆవేశం -1.

ఈ ఒక్క ఎలక్ట్రాను తేడా చాలా పెద్దది. క్లోరైడు మనం రోజూ తినే ఉప్పులో ఉంది. క్లోరిన్ పరమాణువులు ఓజోను పొరను నాశనం చేయగలవని 1974లో మొలీనా, రోలాండ్ వివరించారు.

రెండు లక్షణాలూ ఒకే చోట ఉండవచ్చు. ఆక్సిజన్ అణువు ఒక ఎలక్ట్రానును గ్రహిస్తే ఏర్పడే సూపరాక్సైడుకు ఆవేశమూ ఉంది, జత లేని ఎలక్ట్రానూ ఉంది.

శ్లేషలు

ఆంగ్లంలో 'ఫ్రీ' అంటే స్వేచ్ఛ గల అనే కాక 'విడిపించండి' అని కూడా అర్థం. రాజకీయాలలో రాడికల్ అంటే అతివాది. అందువలన 'ఫ్రీ రాడికల్స్' అన్నది అతివాదులను విడుదల చేయమనే నినాదంగా ధ్వనిస్తుంది. ఈ హాస్యానికి సోడియం అయాను బొమ్మ జోడిస్తే శ్లేష నిలుస్తుంది గాని శాస్త్రం నిలవదు.

అయానుకు వేరొక శ్లేష ఉంది. ఎలక్ట్రానును పోగొట్టుకున్న పరమాణువును "నిజమేనా?" అని అడిగితే "పాజిటివ్" అంటుంది. ఈ మాటకు 'నిశ్చయంగా' అనీ, 'ధనావేశం గల' అనీ రెండర్థాలు. మొదటి చమత్కారం జత లేని ఎలక్ట్రానుకు, రెండవది ఆవేశానికి చెందుతాయి.