బిరబిర, బరబర: తెలుగు అనుకరణ పదాల్లో అచ్చు పాత్ర

తెలుగు ధ్వన్యనుకరణ పదాల చర్చ ఎప్పుడు సాగినా, భాషాశాస్త్రవేత్త ముర్రే ఎమెనో 1969లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం దగ్గర మొదలై సాధారణంగా అక్కడే ఆగిపోతోంది. ఇలాంటి పదాలు భారతదేశంలో భాషాకుటుంబాల ఎల్లలు దాటి వ్యాపించాయని, ఇది ఈ దేశాన్ని ఒక భాషామండలంగా, అంటే వేర్వేరు కుటుంబాల భాషలు చిరకాల సంపర్కం వల్ల ఉమ్మడి లక్షణాలు పెంచుకున్న ప్రాంతంగా, గుర్తించడానికి ఒక ఆధారమని ఆయన చూపిన మాట నిజమే. అయితే నిఘంటువుల నుంచి రూపాలను ఏరి, ఒక భాష పదాన్ని మరో భాష పదం పక్కన నిలిపే ఆ పద్ధతిలో, ఒకే భాషలో పక్కపక్కన బతుకుతున్న రెండు పదాలను మాట్లాడేవారు ఎందుకు కలిపేయరన్న ప్రశ్నకు చోటు లేకపోయింది. ఇది చిన్న లోపం కాదు.

పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు 2015లో పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి కృష్ణలో కలిసిన ఇబ్రహీంపట్నం ఫెర్రీ, 2016 పుష్కరాల నుంచి పవిత్ర సంగమంగా పేరుపడిన ఆ రేవు, ఈ ప్రశ్నకు తగిన చోటు. ‘మా తెలుగు తల్లికి’ గీతంలో శంకరంబాడి సుందరాచారి గోదావరికి గలగలను, కృష్ణకు బిరబిరను ఇచ్చారు. రెండూ నీటి చప్పుళ్లేనని అనుకోవడం పొరపాటు. గాజులు, నాణేలు, ఎండుటాకులు వంటి చిన్నవి అనేకం ఒకదానికొకటి తగిలితే పుట్టేది గలగల. గుడిగంటకు అది చెల్లదు, గణగణ కావాలి, ఎందుకంటే మోగిన తర్వాత నిలిచే నాదాన్ని అనునాసికమైన ణకారమే పట్టుకోగలదు. బిరబిర చెవికి అందేది కాదు, అది వేగం. రేవు దాటే మనిషి నడకకూ అదే మాట.

ఈ బిరబిరలో ఇకారం తీసి అకారం పెడితే బరబర అవుతుంది, నడక ఈడ్పుగా మారుతుంది: బస్తాను బరబర లాగుతారు గానీ బిరబిర లాగరు. పిచ్చుకలది కిచకిచ, కూరగాయలు తరిగే కత్తిది కచకచ. అరిగిన ఇరుసుది కిరకిర, చేగోడీది కరకర. గడియారం టిక్కుటిక్కుమంటే బూట్లు టకటకలాడతాయి. ప్రతి జంటలోనూ ఇకారం సన్నదనానికీ తేలికకూ, అకారం బరువుకూ వెడల్పుకూ నిలుస్తున్నాయి. ఉకారం దారి వేరు, అది లోపల మూసుకున్న చప్పుడును చెబుతుంది: నీళ్లు సలసల కాగుతాయి, మూత కింద అన్నం కుతకుత ఉడుకుతుంది, రహస్యం గుసగుసగానే సాగుతుంది. భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సాపిర్ 1929లో ప్రచురించిన ప్రయోగంలో ‘మిల్’, ‘మల్’ అనే అర్థంలేని మాటలు విన్నవారిలో అధికులు మొదటిదాన్ని చిన్న బల్లకు, రెండోదాన్ని పెద్ద బల్లకు కేటాయించారు. ఆయన ప్రయోగానికి కల్పించిన జంట లాంటిదే తెలుగువారి వంటింట్లో రోజూ వినబడుతోంది. మలమల, కిటకిట వంటివి ఈ వరసకు లొంగవు గానీ వాటి పుట్టుక వేరు కావచ్చు.

అచ్చుకున్న ఈ అర్థభారం అనుకరణ పదాలతో ఆగదు. చిరు, చిట్టి, చిన్న, చిటికె, పిసరు, పిల్ల అనే మాటలన్నిటి మొదటి అక్షరంలోనూ ఇకారం ఉండటం కాకతాళీయం కాకపోవచ్చు. తెలుగు పదసంపదలో కొంత భాగానికైనా అడుగున ఈ పొందిక ఉండవచ్చు. 1916లో వెలువడిన పాఠాల్లో భాషాశాస్త్రవేత్త సొస్యూర్ ధ్వన్యనుకరణను భాషకు అంచున నిలిపి, శబ్దార్థాల సంబంధం యాదృచ్ఛికమని సిద్ధాంతీకరించారు. తెలుగు సాక్ష్యం ముందు ధ్వన్యనుకరణను అలా అంచున నిలపడం మాత్రం కష్టం.