శాసనబోధనలో సాంకేతిక సాధనాలు – శ్రీశైల ప్రాంతం: ఒక చారిత్రక పరిశీలన

విశ్వవిద్యాలయాలలో ఆన్‌లైన్ బోధనను గురించిన చర్చ సాధారణంగా 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌తో ప్రారంభమవుతుంది. తరగతి గది మూతపడినందువల్ల పాఠం తెర మీదికి వచ్చిందన్న భావన దానికి మూలం. కాని శాసనాధ్యయనంలో మూలవస్తువుకూ విద్యార్థికీ నడుమ దూరం మొదటి నుంచీ ఉన్నదే. ఆ దూరాన్ని తగ్గించిన సాధనాలను శ్రీశైల ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగునాట దూరబోధనకు చెప్పుకోదగిన చరిత్ర ఉంది. 1975–76లో జరిగిన ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు చేరింది. దాని ప్రసార భాషలలో తెలుగు ఒకటి. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. 2017లో స్వయం వేదిక వచ్చింది. ఈ దశలన్నిటిలో దూరం ప్రయాణించినది ప్రధానంగా ఉపన్యాసమే.

శాసనశాస్త్రానికి ఉపన్యాసం చాలదు. శిల కూడా విద్యార్థి ముందుకు రావాలి. ఆ పనిని మొదట చేసినది ఎస్టాంపేజీ. శిలను కడిగి, తడి కాగితాన్ని పరచి, కుంచెతో కొట్టి అక్షరాల గుంటలలోకి దింపి, పైన సిరా అద్దితే నల్లని నేలపై తెల్లని అక్షరాలు తేలుతాయి. 1886లో మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా నియమితుడైన హుల్ష్‌తో ఈ సేకరణ ఒక క్రమంలో పడింది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు శాసనాల సంపుటం, దక్షిణ భారత శాసనాల వరుసలో పదవది, 1948లో వెలువడింది. అయితే అచ్చులోకి వచ్చినది ఎక్కువగా పరిష్కర్త నిర్ణయించిన పాఠమే. సందిగ్ధాక్షరాన్ని కుండలీకరణంలో చూపినా, ఆ సందేహానికి ఆధారమైన రాతి గీత పాఠకునికి కనిపించలేదు. పాఠాన్ని నమ్మడం తప్ప ప్రశ్నించే అవకాశం విద్యార్థికి తక్కువైంది.

1985 డిసెంబరు 2న ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం చరిత్ర, సంస్కృతి, పురావస్తు అధ్యయనాలకు శ్రీశైలంలో పీఠాన్ని నెలకొల్పడం ద్వారా విద్యార్థినే శిల వద్దకు చేర్చింది. కాని సామీప్యానికీ పరిమితులున్నాయి. సంగమేశ్వరంలోని ఆలయం ఏడాదిలో అధికకాలం శ్రీశైలం జలాశయం నీటిలోనే ఉండి, వేసవిలో మాత్రమే దర్శనమిస్తుంది. 2021లో ఘంటామఠం జీర్ణోద్ధరణ వేళ బయటపడిన రాగిరేకుల వంటివాటిని ప్రతి విద్యార్థి చేతికీ ఇవ్వడం సాధ్యం కాదు. ఇటువంటి చోట్ల స్పష్టమైన ఛాయాచిత్రం అలంకారం కాదు, ఆధారం.

కనుక ఈ రంగంలో అధ్యాపకునికి అందవలసిన సాంకేతిక సహాయం కెమెరాతో, అంతర్జాల సదుపాయంతో ముగియరాదు. పక్కనుంచి వెలుతురు పడేట్లు తీసిన ఛాయాచిత్రం, ఎస్టాంపేజీ ప్రతి, ముద్రిత పాఠం ఒకే తెరపై ఉండాలి. విద్యార్థి తన పఠనాన్ని నమోదు చేసిన తరువాతనే పరిష్కర్త పాఠం కనిపించాలి. రెంటికీ భేదమున్న అక్షరమే చర్చనీయాంశం కావాలి. శిల వెనుకవైపును, గీత లోతును, ఆలయంలో శాసనమున్న చోటును చిత్రం పూర్తిగా చూపలేదు గనుక క్షేత్రపర్యటన అవసరం తీరిపోదు. విద్యార్థి అక్కడికి ప్రశ్నలతో వెళతాడు. ముద్రణ దూరం చేసిన ఆధారాన్ని తిరిగి విద్యార్థి ఎదుట నిలపడమే శాసనబోధనలో ఆన్‌లైన్ విధానానికి సార్థకత.