బొలీవియా సాయుధ దళములు

దక్షిణ అమెరికా ఖండ మధ్యమున, ఐదు దేశములచే పరివేష్టితమై, సముద్రతీర మన్నది లేక యున్న బొలీవియా గణతంత్రమునకు పదాతి, వాయు సేనలతోపాటు నౌకాసేనయు కలదు. తీరమే లేని దేశమునకు నౌకాసేన యేల యను సందేహమునకు సమాధానము ఆ దేశపు యుద్ధచరిత్ర యందే లభించును. పొరుగువారితో చేసిన పెద్ద యుద్ధములలో భూమిని పోగొట్టుకొనుచు, స్వదేశమున మాత్రము అధికారమును చేజిక్కించుకొనుచు వచ్చిన సైన్య మిది.

1824 డిసెంబరు 9న అయకూచో యుద్ధమున స్పెయిన్ సేనలను ఓడించిన అంతోనియో హొసే ద సుక్రే నాయకత్వమున, 1825 ఆగస్టు 6న ఈ దేశము స్వతంత్రమయ్యెను. 1841లో ఇంగావి వద్ద పెరూ సేన నోడించి, ఆ దేశాధ్యక్షుడైన గమార్రాను రణరంగముననే కూల్చుట బొలీవియా సైన్యము గడించిన నిస్సందేహమైన విజయము. అటుపిమ్మట దశాబ్దముల తరబడి సేనానులే ఒకరి నొకరు పడద్రోయుచు దేశమును పాలించిరి. సైన్య మనగా ఏదో యొక నాయకుని వెంట నడచు దండుగా నుండెనే కాని, రాజ్యమునకు చెందిన సంస్థగా రూపొందలేదు.

ఈ దౌర్బల్యము పసిఫిక్ యుద్ధమున బట్టబయలయ్యెను. అటకామా ఎడారిలో, ఎరువులకును తుపాకిమందునకును పనికివచ్చు నత్రలవణమును త్రవ్వి ఎగుమతి చేయుచున్న చిలీ కంపెనీపై బొలీవియా క్వింటాలుకు 10 సెంట్ల పన్ను విధింపగా, చిలీ సేనలు 1879 ఫిబ్రవరి 14న అంతొఫగస్తా రేవును ఆక్రమించెను. మార్చి 23న కలామా దగ్గరి తొపాటర్ వంతెనను కాపాడ నిలిచిన వారిలో అత్యధికులు సైనికులు గారు, పౌరులు. లొంగిపొమ్మన్న శత్రువులకు తలవంచక పోరాడి మరణించిన ఎదువార్దో అబరోవా అట్టివాడే. నేటికిని బొలీవియనులు ఆ దినమును సముద్ర దినోత్సవముగా పాటింతురు. 1880 మేలో తక్నా సమీపమున ఓటమి పొందినపిదప బొలీవియా రంగమునుండి తొలగిపోయెను. 1904 నాటి సంధితో సుమారు 400 కిలోమీటర్ల తీరమును శాశ్వతముగా వదలుకొనెను. ఆ వదలుకొన్నదానిపై ఆశ మాత్రము చావలేదు. 1963లో నెలకొల్పబడిన నౌకాసేన సముద్రమట్టమునకు 3,800 మీటర్లకు పైనున్న టిటికాకా సరస్సునందును, అమెజాన్, పరాగ్వే నదీవ్యవస్థల యందును గస్తీ తిరుగుచున్నది. 2018 అక్టోబరు 1న అంతర్జాతీయ న్యాయస్థానము సముద్రమార్గపు విషయమున చిలీ పక్షముననే తీర్పు చెప్పినది.

ఇరువదవ శతాబ్ది తొలిదశలో ఫ్రెంచి, జర్మను శిక్షకులను రప్పించి సైన్యమును ఆధునికముగా తీర్చిదిద్దు యత్నము జరిగెను. 1911లో వచ్చిన జర్మను సేనాని హన్స్ కుంట్ పేరు ఇందు ముఖ్యము. ఆయన నేర్పిన విద్యకు పరీక్ష, 1932లో పరాగ్వేతో మొదలైన చాకో యుద్ధము. శీతల పీఠభూమిలో పుట్టి పెరిగిన ఐమారా, కెచువా రైతుబిడ్డలను నిర్బంధముగా సేనలో జేర్చి, ముళ్లపొదలును దుమ్మును తప్ప వేరొండు కానరాని చాకో మైదానములకు దింపిరి. అక్కడ నూతి నీటికొరకే యుద్ధములు జరిగెను. నీళ్లలారీ రాకపోయిన దినమున దళములకు దళములే దాహముతో మ్రగ్గెను. నానావా కోటపై సూటిగా దాడి చేయించి వేలమందిని బలిపెట్టిన కుంట్ 1933 చివర పదవి కోల్పోయెను. 1934 నవంబరులో అధ్యక్షుడు డానియల్ సలమాంకా సేనానాయకులను మార్చుటకై విల్లమోంతెస్ శిబిరమునకు స్వయముగా వెళ్లగా, సేనానులు ఆయననే నిర్బంధించి పదవి విడిపించిరి. శత్రువు ముంగిట నుండి తమ దేశాధ్యక్షుని చెరపట్టిన సైన్యములు చరిత్రలో అరుదు. 1935 జూన్‌లో కాల్పులు ఆగునాటికి బొలీవియా 50,000 మందికి పైగా ప్రాణములను, చాకోలో అత్యధిక భాగమును కోల్పోయి యుండెను.

ఆ యుద్ధమునుండి తిరిగివచ్చిన యువసేనానులు పాత రాజకీయ నాయకులను నిరసించి, 1936లో అధికారమును గైకొనిరి. మరుసటి యేడు స్టాండర్డ్ ఆయిల్ సంస్థ ఆస్తులను జాతీయము గావించిరి. 1952 ఏప్రిల్ విప్లవములో డైనమైటు చేతబట్టిన గని కార్మికులు సైన్యము నోడించిరి. విప్లవ ప్రభుత్వము సేనను మిక్కిలి తగ్గించెను. కాని కార్మిక దళముల బలమునకు జంకి, అమెరికా సహాయముతో తానే దానిని మరల పెంచి పోషించెను. ఫలితము 1964లో కానవచ్చినది: ఉపాధ్యక్షుడైన జనరల్ బర్రియెంతోస్ ఆ ప్రభుత్వమును కూలద్రోసెను. 1967 అక్టోబరులో అమెరికనులు తరిఫీదిచ్చిన రేంజరు దళము విప్లవకారుడైన చే గెవారాను పట్టుకొనగా, లా హిగేరా గ్రామపు బడిలో ఆయనను కాల్చి చంపిరి. అప్పటికే సేన దృష్టి సరిహద్దులనుండి మరలి అంతశ్శత్రువులపై నిలిచి యుండెను. 1980లో జనరల్ గార్సియా మేసా స్థాపించిన ప్రభుత్వమునకు కొకెయిన్ వ్యాపారులతో గల సంబంధము లోకవిదితము; ఆయనకు 1993లో న్యాయస్థానము 30 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను.

1982 అక్టోబరులో పౌరపాలన పునఃప్రతిష్ఠితమైన పిదప సైన్యమునకు లభించిన పనులు చిత్రమైనవి. కోకా తోటలను పెకలించుట, వరదబాధితులకు తోడ్పడుట, 2006లో అధ్యక్షుడు ఎవో మొరాలెస్ ఆజ్ఞపై సహజవాయు క్షేత్రములను స్వాధీనపరచుకొనుట, బడిపిల్లలకు నగదు బహుమతిని పంచుట, ఇవన్నియు సైనికుల చేతులమీదుగనే జరిగినవి. ఇంకొక ముఖమును కలదు: 2003 అక్టోబరులో ఎల్ ఆల్టో ప్రాంతమున ఉద్యమకారులపై జరిపిన కాల్పులలో 60 మందికి పైగా మరణించిరి. 2019 నవంబరులో సేనాధిపతి కలిమాన్ 'సూచన' పై మొరాలెస్ రాజీనామా చేసిన కొలదిదినములకే సకాబా, సెంకతా యందు మరల రక్తము చిందెను.

సైన్యము విధేయమై యుండవలెననియు, రాజకీయ చర్చకు దిగరాదనియు 2009 నాటి రాజ్యాంగము శాసించుచున్నది. అయినను 2024 జూన్ 26న జనరల్ హువాన్ హొసే సూనిగా లాపాజ్‌లోని మురిల్యో చౌకమునకు దళములతో వచ్చి, కవచవాహనముతో రాజభవనపు తలుపును కొట్టించెను. అధ్యక్షుడు లూయిస్ ఆర్సే గుమ్మముననే ఆయన నెదుర్కొని దళములను మరల్చుమని ఆజ్ఞాపించి, క్రొత్త సేనాధిపతులను నియమించెను. క్రొత్త అధిపతి యాజ్ఞపై సైనికులు శిబిరములకు మరలిరి. సాయంకాలమునకే సూనిగా బందీ యయ్యెను.