అరకును ఎవరు తయారుచేశారు?

అరకు లోయ మీద అచ్చయ్యే పర్యాటక కరపత్రాలు చాలావాటిలో ఒక మాట తప్పకుండా ఉంటుంది: మనిషి చెయ్యి పడని ప్రకృతి అని. విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఈ లోయకు చలికాలంలో జనం విరగబడి వెళ్లేదీ ఆ మాట నమ్మే. అయితే అక్కడ మనం చూసేవాటిని, తినేవాటిని, ఫోటోలు తీసుకునేవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని దాని పుట్టుక వెతికితే, దాదాపు ప్రతిదాని వెనకా ఒక తేదీ, ఒక సర్కారీ నిర్ణయం, ఎవరో చేసిన కూలిపని బయటపడతాయి. యాత్రికుడికి తెలిసిన అరకు చాలావరకు గత అరవై డెబ్బై ఏళ్లలో, అదీ యాత్రికుడి కోసం కాక వేరే అవసరాల కోసం తయారైంది. ఇలా అన్నందువల్ల లోయ అందానికి వచ్చే నష్టమేమీ లేదు. మారేదల్లా, ఆ అందంలో వాటా ఎవరికి చెందాలన్న ప్రశ్నకు మనం చెప్పే జవాబు.

మన్యం అంటే మైదానపు జనానికి చాలాకాలం గుర్తొచ్చింది జ్వరం. విహారం అన్న ఊహే లేదు. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద పెట్టారు. ఏజెన్సీ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ ఏజెన్సీలో ఉద్యోగం పడితే శిక్షగా భావించేవాళ్లు. అదే రోజుల్లో నీలగిరుల కథ ఇంకోలా నడిచింది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820లలో ఊటీలో ఇల్లు కట్టుకుని, అక్కడి గిరిజనులైన తోడాల దగ్గర ఎకరం రూపాయి చొప్పున భూమి తీసుకుని, చెరువు తవ్వించి, సీమ కూరగాయలు నాటించాడు. కొన్ని దశాబ్దాలకు అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. తూర్పు కనుమల్లోనూ అలాంటి ప్రయత్నం జరగకపోలేదు. అరకు దారిలో, అనంతగిరి దాటాక వచ్చే గాలికొండ మీద 1860 ప్రాంతంలో తెల్ల సైనికుల కోసం ఆరోగ్య విడిది పెట్టాలని చూశారు. వెళ్లినవాళ్లను మలేరియా పట్టడంతో ఆ ఆలోచన అక్కడే ఆగింది. అంటే ఒక దోమ అరకును మరో ఊటీ కాకుండా కాపాడిందన్నమాట. ఇది కొంచెం మొరటు లెక్కే గానీ, తప్పు లెక్క కాదు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై డీడీటీ పిచికారీలు కొండలెక్కాకే, రాత్రికి అక్కడ నిద్ర చేయవచ్చన్న ధైర్యం బయటివాళ్లకు వచ్చింది. గిరిజన గూడేలను మాత్రం ఆ జ్వరం ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

ధైర్యం వచ్చింది సరే, దారి ఎక్కడిది? ఈ రోజు అరకు ప్రయాణంలో అందరూ మొదట చెప్పుకునేది రైలు గురించే. సొరంగాల చీకటి, వాటి మధ్య తళుక్కుమనే లోయలు, 2017లో మొదలైన అద్దాల పెట్టె. ఈ కొత్తవలస–కిరండూల్ లైను వేసినప్పుడు అరకు చూడ్డానికి వచ్చేవాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు. బస్తర్‌లోని బైలడిల్లా కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. యుద్ధం తరవాత మళ్లీ లేచి నిలబడుతున్న జపాన్ ఉక్కు కర్మాగారాలకు అది కావాలి. 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో, జపాన్ సహకారంతో, తూర్పు కనుమలను తొలిచి బ్రాడ్‌గేజి లైను వేశారు. సొరంగాలే 58 అని చెబుతారు. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉండి, చాలాకాలం దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషనుగా పేరు మోసింది. నిండు వ్యాగన్లు కొండ దిగుతాయి, ఖాళీవి కొండెక్కుతాయి. లైను వేసింది వాటి కోసమే. మనుషులు ఎక్కే కిరండూల్ ప్యాసింజరు ఆ గూడ్సు బండ్ల మధ్య దొరికిన సందులో నడిచే బండి. యాత్రికుడు కిటికీలోంచి చూసే జలపాతమూ లోయా నిజమైనవే. వాటిని ఆ ఎత్తు నుంచి, ఆ వంపు నుంచి చూపిస్తున్నది మాత్రం వాలు తగ్గించడానికి కొండ చుట్టూ తిప్పిన ఖనిజపు దారి.

రోడ్ల కథ ఇంతకన్నా చేదు. ఇప్పుడు మంచు చూడ్డానికి లంబసింగి వెళ్లే కార్లు నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాటు ఎక్కుతాయి. ఆ కొండల్లో రోడ్లు వేయించిన గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులతో అరకొర కూలికి, వెట్టికి దగ్గరగా పని చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేయడానికి వెనక ఉన్న కారణాల్లో ఈ రోడ్డుపని ఒకటి. అడవి చట్టాలు పోడును అడ్డుకోవడం ఇంకొకటి. అల్లూరి విగ్రహం దగ్గర ఆగి ఫోటో దిగేవాళ్లలో, తాము వచ్చిన రోడ్డుకూ ఆ తిరుగుబాటుకూ ఉన్న సంబంధం తెలిసినవాళ్లు ఎందరో చెప్పలేం. అరకులోని పద్మాపురం తోట సంగతి కూడా ఇలాంటిదే. నేడు గులాబీలు, బొమ్మ రైలు ఉన్న ఆ తోట రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది.

ఇక పచ్చదనం. అరకు అంటే ఇప్పుడు కాఫీ. తూర్పు కనుమల్లో ఈ పంట 1898లో తూర్పు గోదావరి కొండల్లో, పాములేరు దగ్గర, ఒక బ్రిటిష్ అధికారి చేతుల మీదుగా అడుగుపెట్టింది. జయపురం సంస్థానం దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోదే కాబట్టి, ఆ రోజుల్లో ఈ కొండలన్నీ ఒకే పాలన కింద ఉండేవి. అయినా కాఫీ తోటలు నిజంగా విస్తరించింది 1960ల తరవాతే. మాచ్‌ఖండ్ పరీవాహకంలో నేల కోతను ఆపడానికి, పోడు మాన్పించడానికి సర్కారు దీన్ని ఎంచుకుంది. మొదట అటవీశాఖ రిజర్వు అడవుల్లో నాటింది. తరవాత సర్కారీ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గిరిజన కుటుంబాల చేత ఎకరం, రెండెకరాల చొప్పున వేయించింది. ఇప్పుడది లక్ష ఎకరాలు దాటింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. దాని మీదికి పాకే మిరియం పడమటి కనుమలది. అడవి అనుకుని మనం ఊపిరి పీల్చుకునే చోటు చాలావరకు తోట.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, బలమైనదే. ఏ పంట ఎక్కడి నుంచి రాలేదు? మిరపకాయ అమెరికాది, అయినా ఆవకాయ మనది కాకుండా పోయిందా? నిజమే. పుట్టిన ఊరు చూసి పంటను పరాయిదనడం తెలివితక్కువ. నవంబరులో అరకు పొలాలను పసుపుపచ్చగా మార్చే వలిసెలూ, కొండవాళ్ల అంబలికి ఆధారమైన చోళ్లూ, కాఫీ కూడా, మూడూ తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల నుంచి వచ్చినవే. చోళ్లు వేల ఏళ్ల కిందట వచ్చాయి, కాఫీ నిన్న కాక మొన్న వచ్చింది. ఒక కొండదేశపు పైర్లు మరో కొండదేశంలో కుదురుకోవడంలో వింతేమీ లేదు. నా వాదన పుట్టుక గురించి కాదు, చేతుల గురించి. వలిసె పూలు వాటంతట అవి కొండవాలు మీద పూసినవి కావు. వానాకాలం చివర మెట్ట చెక్కల్లో, ఇంకో పంట సరిగా రాని నేలలో, నూనెగింజ కోసం రైతు చల్లినవి. ఆ గింజల్లో కొంత అమెరికాలో పెరటి పిట్టలకు మేతగా కూడా ఎగుమతి అవుతుంది. ఆ పొలంలోకి దిగి ఫోటోల కోసం పైరు తొక్కేవాళ్లకు అది పంట అని తట్టకపోవడానికి కారణం, మనిషి చెయ్యి పడని ప్రకృతి అన్న ఆ ఒక్క మాటే. కొందరు రైతులు ఫోటోకింత అని అడగడం మొదలుపెడితే విసుక్కునేవాళ్లున్నారు. సినిమా వాళ్లు సెట్టుకు అద్దె కడతారు కదా, పొలానికి ఎందుకు కట్టకూడదు?

రైలు, తోటలు సరే, బొర్రా గుహలను ఎవరు తయారుచేశారు, ధింసాను ఏ సర్కారు పుట్టించింది అని అడగవచ్చు. బొర్రా సున్నపురాతిని తొలిచింది నీరు, అందులో వాదనకు తావు లేదు. ఆ గుహల ‘చరిత్ర’ మాత్రం మనుషులు అల్లినదే. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ వాటిని కనుగొన్నాడని దశాబ్దాలుగా బోర్డుల మీదా పుస్తకాల్లోనూ రాస్తున్నారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ సంస్థలో పనిచేసిన మాట నిజం, కానీ అతనిదీ ఆ శతాబ్దపు రెండో సగమే. ఈ లెక్క కుదరదని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం సులువే. ‘కనుగొన్నవాడు’ ఒక దొర అయితే చాలు, తేదీ ఏదైనా ఫరవాలేదు. తప్పిపోయిన ఆవును వెతుకుతూ వెళ్లిన కాపరికి గుహలో శివలింగం కనబడిందని గిరిజనులు చెప్పుకుంటారు. శివరాత్రికి అక్కడ పూజలు జరుగుతాయి. లోపల రాతియుగపు పనిముట్లు దొరికాయి. ఇన్నివేల ఏళ్ల రాకపోకల తరవాత ఇంకెవరో కనుగొనడమేమిటి?

పైగా ఆ గుహల చుట్టూ ఉన్న కొండలు ఇవాళ నిలిచి ఉన్నాయంటే అందులో కోర్టు పాత్ర కూడా ఉంది. అనంతగిరి మండలంలో, బొర్రా రిజర్వు అడవి ప్రాంతంలోనే, కాల్సైటు తవ్వకాలకు గిరిజనేతర కంపెనీలకు లీజులిచ్చారు. సమత అనే సంస్థ దాని మీద కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. మన దేశపు గిరిజన హక్కుల చరిత్రలో తరచు పేర్కొనే తీర్పుల్లో ఇదొకటి. అది ఈ గుహల పరిసరాల నుంచే వచ్చింది.

ధింసా సంగతి దీనికన్నా సున్నితమైనది. అది పాతదే. చైత్రమాసపు ఇటుకల పండుగకూ పెళ్లిళ్లకూ పోర్జాలు, బగతలు, వాల్మీకులు, కొండదొరలు ఆడేది. డప్పు, తుడుము, మోరి, జోడుకొమ్ములు మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వలయంగా కదులుతారు. అందులో రకాలున్నాయి: గ్రామదేవత కొలుపులో బోడ ధింసా, ఆకులు ఏరే పనిని చూపే పోతర్ తోల, పులి వచ్చినప్పటి తత్తరపాటును చూపే భాగ్ ధింసా. రిసార్టు పచ్చికలో ఇరవై నిమిషాల ప్రదర్శనగా కుదించినప్పుడు మిగిలేది ఆ వలయం ఒక్కటే. ఏ పనికి, ఏ దేవతకు అన్న తేడా పోతుంది. కళాకారులకు నాలుగు డబ్బులు వస్తున్నాయి కదా అంటే, అవును, వస్తున్నాయి, రావాలి కూడా. అప్పుడు దాన్ని ఆదిమ ఆనందం అని ప్రచారం చేయకుండా కళ అనాలి, కళకిచ్చే వెల ఇవ్వాలి.

బొంగులో చికెన్ కూడా ఇదే తూకానికి వస్తుంది. పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద దొర్లిస్తూ ఉడికించడం గిన్నెలు మోసుకెళ్లలేని అడవి బతుకు నేర్పిన పద్ధతి. రోడ్డు పక్క బండ్ల మీద ఇప్పుడు అందులోకి వెళ్లేది ఎక్కువగా మైదానపు ఫారం కోడి. అదేమంత నేరం కాదు. గుర్తుంచుకోవలసింది ఆ బొంగును. చాలాకాలం అటవీ చట్టం దృష్టిలో వెదురు చెట్టు కిందే లెక్క. కాగితపు మిల్లులకు టన్నుల లెక్కన పోయేది, గిరిజనుడు నరికితే కేసయ్యేది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. యాత్రికుడు రుచి చూసే ఆ పొగ వాసనకు చట్టంలో చోటు దొరికి ఇంకా పాతికేళ్లు కాలేదు.

చివరి ఆక్షేపణ హోటళ్లు కట్టాలనుకునేవాళ్లది. 1959 భూబదలాయింపు నిబంధనను సవరించిన 1970 నాటి చట్టం, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, గిరిజనేతరులు ఏజెన్సీలో భూమి కొనకుండా అడ్డుకుంటోందనీ, అందుకే అరకు ఊటీలా ఎదగలేదనీ వాళ్లంటారు. చెప్పిన మాట నిజమే, దాన్ని ఫిర్యాదుగా చెప్పడమే విచిత్రం. ఎకరం రూపాయికి పోయాక తోడాలకు ఊటీలో మిగిలిందేమిటో ఇప్పుడు అక్కడికి వెళ్తే కనబడుతుంది. చట్టం ఉన్నా అరకులో గిరిజనుడి పేరు మీద ఇంకొకరి పెట్టుబడి నడుస్తోందన్న ఆరోపణలు ఎప్పుడూ ఉన్నవే. అది చట్టాన్ని గట్టిగా అమలు చేయడానికి కారణం అవుతుంది గానీ ఎత్తివేయడానికి కాదు. సమత తీర్పులోనే ఇంకో మాట ఉంది: అక్కడ గనులు నడిపే సంస్థల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలని. న్యాయమూర్తుల ముందు ఆనాడు ఉన్నది గనులే. గుహ టిక్కెట్టు, రిసార్టు గది, అద్దాల పెట్టెలో సీటు కూడా అదే కొండ మీద వచ్చే ఆదాయం కాబట్టి, ఆ 20 శాతం లెక్కను వాటికీ వర్తింపజేయమని అడగడానికి బొర్రా గూడేలకు హక్కుంది.