పేరు బ్యాడ్జీ వెనక అచ్చుపని

సభకు వచ్చినవాళ్ల పేర్లు చేత్తో రాసి, పిన్ను గుచ్చి ఇవ్వడమే చాలాకాలం నడిచిన పద్ధతి. 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ తనంతట తానే అతుక్కునే లేబుళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఎదిగిన కంపెనీ కొలతలే తర్వాత చాలామందికి ప్రమాణమయ్యాయి. 5395 రకం తీసుకుంటే, అమెరికన్ లెటర్ కాగితం మీద ఎనిమిది బ్యాడ్జీలు, ఒక్కోటి మూడంగుళాల పైచిలుకు వెడల్పు. మన దగ్గర వాడేది ఎ4 గనక ఆ నమూనా ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు.

లేబుల్ కాగితం మీది గడుల్లో పేర్లు కుదురుగా పడటానికి అసలు దారి వేసింది ఒక కంప్యూటర్ శాస్త్ర పుస్తకం. డొనాల్డ్ క్నూత్ తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అక్షరాల తీరు నచ్చక, 1977లో స్టాన్‌ఫర్డ్‌లో టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాము రూపకల్పన మొదలుపెట్టాడు. అందులో అక్షరం ఒక పెట్టె, వరుస ఒక పెట్టె, పేజీ కూడా పెట్టే. పెట్టెల మధ్య సాగే, ముడుచుకునే ఖాళీకి ఆయన గ్లూ అని పేరుపెట్టాడు. పేరుకు రెండు పక్కలా ఎంతైనా సాగే గ్లూ పెడితే అది బ్యాడ్జీ నడుమకు వచ్చి కూర్చుంటుంది. అంతకన్నా విలువైన సదుపాయం ఇంకొకటి ఉంది. పేరును ముందు ఒక పెట్టెలో పేర్చి, వెడల్పు కొలిచి, పట్టకపోతే ఏం చేయాలో అప్పుడు తేల్చుకోవచ్చు. చాలామంది అక్షరాలను కుదించేస్తారు. నా మట్టుకు పేరును రెండు వరుసలు చేయడమే న్యాయం. పొడుగు పేరున్న మనిషి చిన్న అక్షరాలకు సరిపెట్టుకోవలసిన పనిలేదు.

1980ల నడుమ లెస్లీ లాంపోర్ట్ టెక్ వాడకాన్ని సులువు చేసే లాటెక్ తెచ్చాక ఈ పని అందరికీ అందింది. సెబాస్టియన్ రాట్జ్ ‘లేబుల్స్’, థామస్ ఎమెల్ ‘టికెట్’ అనే ప్యాకేజీలు గడుల లెక్క చూసుకున్నాయి. మైక్ పిఫ్ ‘టెక్స్ట్‌మర్జ్’, నికోలా టాల్బట్ ‘డేటాటూల్’ జాబితాలోంచి పేర్లు తోడి ఇచ్చాయి. బ్యాడ్జీ రూపం ఒకచోట, పేర్ల జాబితా మరోచోట ఉండటమే ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఆఖరి రోజు పది పేర్లు చేరినా రూపాన్ని ముట్టుకోనక్కర్లేదు. టెక్ కొలిచే అతి చిన్న దూరం పాయింటు అనే అచ్చు కొలతలో 65,536వ వంతు, కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యంలో సుమారు వందో వంతు. అంత ఖచ్చితంగా లెక్కగట్టినా, ప్రింటు కొట్టేటప్పుడు ‘పేజీకి సరిపడేలా కుదించు’ అన్న ఎంపిక తీసేయకపోతే గడులన్నీ పక్కకు జరుగుతాయి.

తెలుగు పేర్ల కథ వేరు. 1990ల తొలినాళ్లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసి, తెలుగుటెక్ ద్వారా తెలుగు అచ్చు తీసుకునేవారు. 2004లో జొనాథన్ క్యూ టెక్‌కు మరో రూపమైన జీటెక్ విడుదల చేశాక యూనికోడ్ తెలుగును నేరుగా టైపు చేసే వీలు కలిగింది. దేశికాచారి పోతన2000, ఆ తర్వాత మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు తోడయ్యాయి.

అయినా ఇంగ్లీషు కోసం చేసిన నమూనా తెలుగు పేరును సరిగా మోయదు. ఇంగ్లీషు పేరుకు వెడల్పే చిక్కు, మన పేరుకు లోతు కూడా. ‘జ్యోత్స్న’ అని పేర్చి చూడండి: ‘త’ కింద ‘స’ వత్తు, దానితోపాటు ‘న’ వత్తు కూడా ఇమడాలి. కింది వరుసలో ‘శ్రీదేవి’ వస్తే ఆ గుడి దీర్ఘం పై వత్తులకు తగులుతుంది. అక్షరం సైజుకు ఒకటింబావు రెట్ల వరుస దూరం మనకు చాలదు, ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. నడుమకు తెచ్చేటప్పుడు కూడా ఎత్తు, లోతు రెండూ కొలవాలి. లేకపోతే వత్తులున్న పేరు కిందికి జారినట్టు కనిపిస్తుంది.

ఇవన్నీ టెక్‌లో నాలుగైదు పంక్తులతో తీరే చిక్కులు. తీరనిది జాబితాలో ఉంది. నమోదు పత్రాలు పేరును ఇంగ్లీషులోనే అడుగుతాయి. ఇంగ్లీషులో ఒకేలా రాసిన పేరు తెలుగులో ‘రమ’ కావచ్చు, ‘రామ’ కావచ్చు. లిప్యంతరీకరణ యంత్రం ఏదో ఒకటి ఊహించి వేస్తుంది, మనిషి తనది కాని పేరు తగిలించుకుని రోజంతా తిరగాలి. తెలుగు సభ జరిపేవాళ్లు నమోదు పత్రంలో తెలుగు పేరుకు ఒక గడి పెట్టి, దాన్ని వచ్చేవాళ్ల చేతనే రాయించుకోవాలి.